పాలు కక్కే పాపాయికి నిద్ర పట్టేదెలా?

పసిబిడ్డ పుట్టిన ఇంట్లో మొదటి నెల్లాళ్ళూ చుట్టపక్కాల సందడితో గడిచిపోతాయి. బారసాల అవుతుంది, వచ్చినవాళ్ళు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. సరిగ్గా అప్పుడే తల్లికి అసలు పరీక్ష మొదలవుతుంది. పాప పాలు తాగుతుంది. తాగిన పది నిమిషాలకు సగం కక్కేస్తుంది. పక్కమీద దింపితే మెలికలు తిరుగుతుంది, వీపు విల్లులా వంచి ఏడుస్తుంది. భుజాన వేసుకుంటే ఊరుకుంటుంది. దింపగానే మళ్ళీ మొదలు! రాత్రి రెండు గంటలకు ఆ గదిలో దీపం వెలుగుతూనే వుంటుంది. తల్లి చీరకొంగు నిండా పుల్లటి పాలవాసన. "నీ పాలు పడటం లేదేమోనే" అని ఒకరు, "దిష్టి తగిలింది" అని ఇంకొకరు, "నువ్వే ఏదో తినరానిది తిని వుంటావు" అని మరొకరు. ఎవరు ఏమన్నా ఆ పిల్లతల్లికి మాత్రం తప్పంతా తనదే అన్నట్టు వినిపిస్తుంది.

నిజానికి చాలామంది బిడ్డల విషయంలో తప్పు తల్లిదీ కాదు, పాలదీ కాదు. మనం మింగిన ఆహారం అన్నవాహిక గుండా దిగి పొట్టలో పడుతుంది గదా. ఆ గొట్టం పొట్టతో కలిసేచోట ఒక కండరం వుంటుంది. సంచీ మూతికి తాడు బిగించినట్టు అది బిగిసి వుండి, లోపల పడ్డది పైకి రాకుండా కాపాడుతుంది. పసిబిడ్డలో ఆ కండరం ఇంకా పక్వానికి రాదు. మాటిమాటికీ వదులవుతూ వుంటుంది. పొట్ట చూస్తే చిన్నది, అందులో పడేదంతా పలుచని పాలు, బిడ్డ రోజంతా పడుకునే వుంటాడు. ఇక పాలు పైకి ఎగదన్నక ఏం చేస్తాయి? అప్పటికే అవి పొట్టలో ఊరే ఆమ్లంతో కలిసి వుంటాయి కాబట్టి పెరుగులా విరిగి, పుల్లని వాసన కొడతాయి. డాక్టర్లు రిఫ్లక్సు అనేది దీన్నే.

ఇది ఎంత మామూలు విషయమో తెలిస్తే తల్లుల మనస్సు సగం కుదుటపడుతుంది. సాధారణంగా రెండో నెల లోపలే మొదలై, నాలుగో నెలలో ముమ్మరమవుతుంది. ఆ వయస్సులో సగంమందికి పైగా పిల్లలు రోజుకొక్కసారైనా పాలు కక్కుతారు. ఏడాది నిండేసరికి నూటికి తొంభైమందికి దానంతట అదే పోతుంది. కక్కినా నవ్వుతూ, కాళ్ళు ఆడిస్తూ, నెలనెలా బరువు పెరుగుతూ వుండే బిడ్డకు ఏ వైద్యమూ అక్కరలేదు. భుజంమీద ఒక తువ్వాలు వేసుకుంటే చాలు.

మరి ఏడ్చే బిడ్డ సంగతేమిటి? ఇక్కడొక చిక్కు వున్నది. రెండో నెలలో పిల్లలందరూ ఎక్కువగానే ఏడుస్తారు. 1962లో బ్రేజల్టన్ అనే అమెరికను శిశువైద్యుడు ఆరోగ్యంగా వున్న 80 మంది పిల్లల ఏడుపును తల్లులచేత రోజూ లెక్క రాయించి చూశాడు. ఆరో వారానికి వాళ్ళ ఏడుపు రోజుకు రెండు ముప్పావు గంటల దాకా పెరిగి, ఆ తరువాత తగ్గుముఖం పట్టింది. వాళ్ళకు ఏ జబ్బూ లేదు సుమా! ఆమ్లం ఎగదన్నడమూ, ఈ వయస్సు ఏడుపూ ఒకే కాలంలో వస్తాయి. అందువల్ల ప్రతి ఏడుపునూ పొట్టమీదికి నెట్టేయడం సులభం. మందు కోసం పరుగెత్తడం ఇంకా సులభం. మందు సంగతి తరువాత చెబుతాను. ముందు నిద్ర విషయం చూద్దాం. ప్రాణంతో ముడిపడినది అదే.

పాలు కక్కే బిడ్డను ఎలా పడుకోబెట్టాలి? ఈ ప్రశ్న దగ్గరే ప్రతి ఇంట్లోనూ తగవు వస్తుంది. "వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతుకు అడ్డంపడి ఊపిరాడదే అమ్మాయీ, బోర్లా పడుకోబెట్టు" అంటుంది అమ్మమ్మ. మాట వినడానికి ఎంతో సబబుగా వున్నది. ఒక్క మన అమ్మమ్మలే కాదు, లోకమంతా అలాగే అనుకున్నది. 1946లో మొదట అచ్చయి లక్షల ఇళ్ళలో పెద్దబాలశిక్షలా చెలామణి అయిన డాక్టర్ స్పాక్ శిశుపోషణ గ్రంథం కూడా, 1950లలో వచ్చిన కూర్పులో, సరిగ్గా ఈ కారణమే చెప్పి బోర్లా పడుకోబెట్టమన్నది. పాశ్చాత్య దేశాల తల్లులు ఆ సలహాను అక్షరాలా పాటించారు.

దాని ఫలితం మాత్రం ఘోరం. రాత్రి పాలు తాగి పడుకున్న బిడ్డ తెల్లవారేసరికి కదలకుండా వుండేవాడు. జబ్బు లేదు, జ్వరం లేదు, కారణం తెలియదు. ఇంగ్లండులో దానికి కాట్ డెత్ అని పేరు పెట్టారు. బోర్లా పడుకోబెట్టిన పిల్లల్లోనే ఈ చావులు ఎక్కువని 1980ల చివర న్యూజిలాండు పరిశోధనలు గట్టిగా చూపించాయి. 1991 జులైలో బ్రిటిషు టెలివిజను వ్యాఖ్యాత ఆన్ డైమండ్ తన నాలుగు నెలల కొడుకును ఇలాగే పోగొట్టుకున్నది. ఆమె దుఃఖంతో ఊరుకోక న్యూజిలాండు వెళ్ళి విషయం తెలుసుకుని వచ్చి, ప్రభుత్వాన్ని నిలదీసింది. ఆ డిసెంబరులోనే బ్రిటనులో "బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి" అన్న ప్రచారం మొదలైంది. అమెరికాలో 1994లో మొదలైంది. రెండు చోట్లా ఈ మరణాలు సగానికి పైగా పడిపోయాయి. 2005లో బ్రిటిషు పరిశోధకులు పాత లెక్కలన్నీ తిరగేశారు. ఆధారాలు 1970 నాటికే వున్నాయనీ, అప్పుడే కళ్ళు తెరిచి వుంటే బ్రిటనులో 10,000 మందికి పైగా, యూరపు, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాలన్నిటిలో కనీసం 50,000 మంది పసిపిల్లలు దక్కి వుండేవారనీ తేల్చారు. ఒక్క సలహా! చెప్పినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, పిల్లల మేలు కోరినవాళ్ళే.

"అది సరే, కక్కిన పాలు గొంతులో పడితే?" అని అమ్మమ్మ మళ్ళీ అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే. జవాబు మన శరీర నిర్మాణంలో వున్నది. మెడలో ఊపిరిగొట్టం ముందువైపు, అన్నవాహిక దాని వెనుక వున్నాయి. బిడ్డ వెల్లకిలా పడుకున్నప్పుడు ఊపిరిగొట్టం పైన, అన్నవాహిక కింద వుంటాయి. పైకి వచ్చిన పాలు ఊపిరిగొట్టంలో పడాలంటే ఎత్తు ఎక్కాలి. నీళ్ళయినా పాలయినా పల్లానికే పోతాయి గాని మిట్టకు పోవు గదా! బిడ్డను బోర్లా తిప్పితే ఈ వరుస తారుమారై, ఊపిరిగొట్టమే పల్లంలోకి వస్తుంది. పైగా బిడ్డకు దగ్గు, మింగుడు అనే రెండు కాపలాదారులు పుట్టుకతోనే వున్నారు. వెల్లకిలా పడుకునే అలవాటు దేశదేశాల్లో వచ్చిన తరువాత గొంతుకు అడ్డంపడి చనిపోయిన పిల్లల సంఖ్య పెరగలేదు. బోర్లా పడుకుంటే కక్కడం కొంచెం తగ్గుతుందన్నది నిజమే. కాని ఆ కొంచెం కోసం చెల్లించవలసిన వెల చాలా ఎక్కువ. పక్కకు తిప్పి పడుకోబెట్టడమూ మంచిది కాదు. బిడ్డ అక్కడనుంచి తేలిగ్గా బోర్లాకు దొర్లుతాడు.

తల కింద ఎత్తు పెడితే? చాలామందికి తోచే ఉపాయమిది. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టేవాళ్ళున్నారు, దిండు మడిచి పెట్టేవాళ్ళున్నారు. పరీక్షించి చూస్తే దీనివల్ల కక్కడం తగ్గలేదు. బిడ్డ రాత్రంతా జారి జారి కాళ్ళవైపుకు ముడుచుకుపోవడం మాత్రం జరిగింది. కూచున్నట్టు వుండే సీటులో పెడితే రిఫ్లక్సు తగ్గదు సరిగదా, పెరుగుతుందని 1983లోనే తేలింది. నడుము వంగి పొట్ట నొక్కుకుపోవడమే దానికి కారణం. అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళివచ్చిన అమ్మమ్మలు కొందరు అక్కడి వాలుపడకలను చూసే వుంటారు. వాటిల్లో ఒక రకం పదేళ్ళపాటు విపరీతంగా అమ్ముడై, ముప్పైమందికి పైగా పిల్లలు చనిపోయిన తరువాత 2019లో దాదాపు 47 లక్షల పడకలను వెనక్కి పిలిపించారు. 2022లో చట్టం చేసి అటువంటివాటి అమ్మకాన్నే అక్కడ నిషేధించారు. మన బజారులో "రిఫ్లక్సు దిండు" అని ఎవరైనా అంటగడితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

తల గుండ్రంగా రావాలని మనవాళ్ళు పెట్టే ఆవాల దిండు కూడా నిద్రలో వద్దు. చీర ఉయ్యాల గురించి చెప్పడానికి కొంచెం సంకోచంగానే వున్నది. మనమందరం అందులో పెరిగినవాళ్ళమే. అయినా చెప్పక తప్పదు: చీరలో బిడ్డ నడుము ముడుచుకుని, గడ్డం రొమ్ముకు ఆనుతుంది. లేత మెడ అలా వంగితే ఊపిరి దారి ఇరుకవుతుంది. ఏడుపు మాన్పడానికి ఎదురుగా కూచుని కాసేపు ఊపండి. కన్ను మూతపడ్డాక తీసి పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టండి. పక్క గట్టిగా, చదునుగా, తల్లి చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, కాని విడిగా వుండాలి. అందులో బొంతలు, బొమ్మలు, దిండ్లు ఏమీ వుండకూడదు.

ఇక పగలు చేయవలసిన పనులు. రాత్రి నిద్రకు పునాది పగలే పడుతుంది.

పాలు ఒక్కసారే కడుపునిండా పట్టకండి. కొద్దికొద్దిగా, కాస్త ఎక్కువసార్లు పడితే మేలు. కక్కగానే "అయ్యో, కడుపు ఖాళీ అయిపోయింది" అని వెంటనే మళ్ళీ పట్టే అలవాటు వున్నది చూశారూ, అదే రెండో వాంతికి ఆహ్వానం. కక్కినది చూడడానికి గిన్నెడు అనిపించినా సాధారణంగా చెంచాడో రెండు చెంచాలో వుంటుంది. కావాలంటే రెండు చెంచాల పాలు పాత దుప్పటిమీద ఒలకబోసి చూడండి, ఎంత మడుగు కనబడుతుందో! డబ్బాపాలు తాగే బిడ్డ అయితే పాలపీక రంధ్రం పెద్దదై పాలు ధారగా పడుతున్నాయేమో చూడండి. పొడి, నీళ్ళ కొలత డబ్బామీద వున్నట్టే వుండాలి. చిక్కగా వుంటే నిలుస్తాయని బిస్కెట్టో రాగిపిండో కలపడం డాక్టరు చెప్పనిదే చేయవద్దు.

పాలు తాగాక ఇరవై, ముప్పై నిమిషాలు బిడ్డను నిటారుగా, రొమ్ముకు ఆనించి ఎత్తుకోండి. భుజంమీద వాల్చుకుని మెల్లగా వీపు నిమిరితే త్రేన్పు వస్తుంది. రాకపోతే పోనివ్వండి! చాలా ఇళ్ళలో త్రేన్పు వచ్చేదాకా బిడ్డ వీపుమీద మద్దెల వాయిస్తారు. దాదాపు పదేళ్ళ క్రిందట చండీగఢ్‌లో 71 మంది తల్లీబిడ్డలతో ఒక పరిశీలన చేశారు. తట్టి త్రేన్పించిన పిల్లలలో ఏడుపు తగ్గలేదు. పాలు కక్కడం మాత్రం మిగతావాళ్ళకంటే ఎక్కువైంది. కాబట్టి నిమరడమే గాని బాదడం వద్దు. ఎత్తుకుని ఎగరేయడం, "తాతయ్యకు చూపిస్తాను" అని అటూ ఇటూ తిప్పడం ఆ అరగంట మానుకోవాలి. మొలతాడు, డైపరు పొట్టమీద బిగుతుగా వున్నాయేమో చూసుకోండి.

స్నానం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కాళ్ళు చాపి బిడ్డను బోర్లా వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోయడం మన ఇళ్ళలో ఒక వేడుక. చక్కటి వేడుకే. కాని పాలు తాగిన వెంటనే అయితే, నొక్కిన ప్రతిసారీ పాలు పైకి వస్తాయి. పాలకు ముందు నీళ్ళు పోయండి. తరువాత పాలు తాగి బిడ్డ హాయిగా నిద్రపోతాడు. నీళ్ళు పోసే ఆవిడ గొంతులో వేలుపెట్టి కఫం తీస్తానంటే మాత్రం మొహమాటం లేకుండా వద్దనండి. తరువాత వేసే సాంబ్రాణి పొగా అంతే. ఆ పొగ లేత ఊపిరితిత్తులకు పడదు. ఇంట్లో సిగరెట్లు కాల్చే మగవాళ్ళుంటే, ఆ పొగ రిఫ్లక్సునూ, నిద్రలో వచ్చే ప్రమాదాన్నీ కూడా పెంచుతుందని వాళ్ళకు చదివి వినిపించండి. వీధిలోకి వెళ్ళి కాల్చుకోమనడం కంటే మానేయమనడమే మంచిది.

దిష్టి తీయడం గురించి నాకేమీ అభ్యంతరం లేదు. ఉప్పూ మిరపకాయలూ బిడ్డ చుట్టూ తిప్పితే నష్టం లేదు, పెద్దవాళ్ళ మనస్సు శాంతిస్తుంది. కాల్చే మిరపకాయల ఘాటు మాత్రం బిడ్డకు తగలనివ్వకండి. నోట్లోకి పోసేవాటితోనే గొడవ. వసకొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు త్వరగా వస్తాయనీ, పొట్ట సర్దుకుంటుందనీ మన నమ్మకం. ఆ వస మోతాదు మించితే అదే వాంతి తెప్పిస్తుంది. అమెరికాలో దాన్ని ఆహారంలో వాడకూడదని 1968లోనే నిషేధించారు. తేనె ఏడాదిలోపు పిల్లలకు అసలే పనికిరాదు. పసిపిల్లలకు ప్రాణాపాయమైన ఒక విషక్రిమి బీజాలు అందులో వుండవచ్చు. ఇక ప్రతి అలమరలోనూ కనిపించే గ్రైప్‌వాటరు! 1851లో ఇంగ్లండులో వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి తయారుచేసిన ఈ సీసాలో మొదట్లో సారాయి కూడా కొంత కలిసి వుండేది. పిల్లలు నిద్రపోయేవారంటే ఆశ్చర్యమేమున్నది? ఇప్పుడు సారాయి లేదు. రిఫ్లక్సుకు పనిచేస్తుందన్న రుజువూ లేదు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేదీ, మంచినీళ్ళు కూడా అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

మందుల సంగతి చెబుతానన్నాను. పొట్టలో ఆమ్లం తగ్గించే మందులను ఏడ్చే పసిపిల్లలకు విరివిగా రాసే కాలం ఒకటి వచ్చింది. 2009లో లాన్‌సొప్రజోల్ అనే మందును 162 మంది పిల్లలమీద పరీక్షించారు. సగంమందికి మందు, సగంమందికి మందులేని ఉత్త ద్రవం. ఎవరికి ఏది ఇచ్చారో తల్లులకు తెలియదు. నాలుగు వారాల తరువాత మందు తాగిన 81 మందిలో 44 మందికి నయంగా వున్నది. మందు తాగని 81 మందిలోనూ సరిగ్గా 44 మందికే నయంగా వున్నది! ఆ ద్రవం ఏం చేసింది? ఏమీ చేయలేదు, నెల గడిచింది, బిడ్డ ఒక నెల పెద్దవాడయ్యాడు. ఆమ్లం వల్ల అన్నవాహిక నిజంగా పుండుపడిన బిడ్డకు ఈ మందులు అవసరమే. అది తేల్చవలసింది డాక్టరుగాని పక్కింటివారు కారు.

కొంతమంది బిడ్డలకు కక్కడంతోబాటు ఒంటిమీద దద్దుర్లు, గజ్జిలాంటి మచ్చలు, విరేచనంలో నెత్తురు చారలు కనబడతాయి. అటువంటివాళ్ళకు ఆవుపాల ప్రొటీను పడకపోయి వుండవచ్చు. తల్లిపాలే తాగుతున్నా, తల్లి తీసుకునే పాలూ పెరుగుల ద్వారా అది బిడ్డకు చేరుతుంది. గేదెపాలకు మార్చినా లాభం లేదు. డాక్టరు చెబితే రెండు నుంచి నాలుగు వారాలు తల్లి పాలు, పెరుగు, మజ్జిగ మాని చూస్తుంది. తేడా కనబడకపోతే మళ్ళీ తినాలి. ఊరికే అనుమానంతో బాలింతకు పథ్యంమీద పథ్యం పెట్టి ఎండగట్టడం అన్యాయం.

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిన సందర్భాలు వేరే వున్నాయి. పచ్చగా ఆకుపసరులా కక్కితే అప్పటికప్పుడే బయలుదేరాలి. పేగు అడ్డంపడి వుండవచ్చు. నెత్తురు కక్కినా, బరువు పెరగకపోయినా, పాలు వద్దని మొహం తిప్పుకుంటున్నా, ఉచ్చ తగ్గిపోయినా, జ్వరమూ మగతా వున్నా, నడినెత్తి మెత్తని భాగం ఉబ్బినా గుంటపడినా, ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా అంతే. రెండో వారంనుంచి ఆరో వారంలోపు ప్రతిసారీ పాలు చిమ్మనగొట్టంతో కొట్టినట్టు దూరంగా పడుతూ, కక్కిన వెంటనే మళ్ళీ ఆకలని ఏడుస్తూ వుంటే, పొట్ట కిందిమూతి కండరం మందమై దారి మూసుకుపోతున్నదేమో చూడాలి. ఇది మగపిల్లల్లో, అందులోనూ తొలిచూలు వాళ్ళలో ఎక్కువ. ఒకప్పుడు ఈ పిల్లలు తిండి నిలవక శుష్కించి పోయేవారు. 1912లో రామ్‌స్టెట్ అనే జర్మను వైద్యుడు ప్రకటించిన చిన్న శస్త్రచికిత్సే ఈనాటికీ వాళ్ళను కాపాడుతున్నది.

ఇవేవీ లేని బిడ్డకు కావలసింది కాలం గడవడం. ఆ కాలం గడపవలసింది తల్లి. ఆమె నిద్ర గురించి ఎవరూ అడగరేం? రాత్రి పాలు పట్టాక అరగంట నిటారుగా ఎత్తుకోవడానికి తల్లే కానక్కరలేదు. పాలు ఇవ్వడం ఆమెకు తప్పదు. ఎత్తుకుని తిరగడం తండ్రి చేయవచ్చు, అమ్మమ్మ చేయవచ్చు. నాకు తెలిసిన ఒక ఇంట్లో అల్లుడుగారు రాత్రి పన్నెండు గంటల పాలకు, అత్తగారు తెల్లవారుజాము నాలుగు గంటల పాలకు వంతు వేసుకున్నారు. "మీకెందుకండీ ఆ శ్రమ" అని అత్తగారు మొదట మొహమాటపడ్డదట. వారం తిరిగేసరికి "బాబూ, ఈ రాత్రి మీ వంతేనా?" అని ఆవిడే అడిగేదట. ఆ పిల్ల కక్కడం ఏమీ తగ్గలేదు. కూతురు మాత్రం వరసగా నాలుగు గంటలు నిద్రపోయి లేచి, రెండు నెలల్లో మొదటిసారి నవ్విందట. ఒక హెచ్చరిక: అలసిపోయి బిడ్డను గుండెలమీద వేసుకుని సోఫాలోనో పడకకుర్చీలోనో నిద్రలోకి జారడం చాలా ప్రమాదం. కళ్ళు మూతలు పడుతుంటే బిడ్డను పక్కమీద దింపేయండి, అరగంట నిండకపోయినా సరే.

నాలుగైదు నెలలకు బిడ్డ బోర్లా పడడం నేర్చుకుంటాడు. బొబ్బట్లు చేసి పంచుకుంటాం. అప్పటినుంచి గుడ్డలో బిగించి చుట్టడం మానేయాలి. వెల్లకిలా పడుకోబెట్టడం మన పని. తరువాత బిడ్డ తనంతట తాను అటూ ఇటూ దొర్లగలిగితే, రాత్రంతా మేలుకుని తిప్పుతూ కూచోనక్కరలేదు. ఆరో నెల నిండాక అన్నప్రాశన చేసి మెత్తటి అన్నం మొదలుపెడతాం, బిడ్డ కూచోవడం నేరుస్తాడు. కక్కడం క్రమంగా తగ్గుతుంది. ఆరు నెలల తరువాత కొత్తగా వాంతులు మొదలైనా, ఏడాది నిండాక కూడా పాలు ఎగదన్నుతూనే వున్నా, మరొకసారి డాక్టరుకు చూపించండి.